అక్కర్లేదనిపించిన లైను

మార్చి 4

అక్కా,

అమ్మ తీర్పు ప్రకారం ఇది మొదటి ఉత్తరం. "మీరిద్దరూ ఫోనెత్తితే మూడో మాటకే పిల్లీ ఎలకా అవుతారు. రాసుకోండి. కాగితం మీదైతే ఒకళ్ల మాటకి ఇంకొకళ్లు అడ్డు రాలేరు" అని నాకు చెప్పినట్టే నీకూ చెప్పే ఉంటుంది. బడి వదిలాక చేత్తో ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. కోడి కెలికినట్టుందని నవ్వకు.

ఆ రోజు ఫోన్లో నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు నువ్వు. "నన్ను సీనియర్ ఇంజనీర్ని చేశారక్కా" అన్నాను. ఎవరైనా ముందు "శభాష్" అంటారు. నువ్వేమన్నావు? "ఎవర్ని తీసేశారు?" అన్నావు. నాకు ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను.

తీసేశారు, నిజమే. మా గదిలో సగం కుర్చీలు ఖాళీ. మేమంతా గురువుగారని పిలుచుకునే పెద్దాయన గురించి నీకు చెప్పాను కదా, ఆయన్నీ పంపేశారు. పొద్దున కాఫీ కప్పు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు, పదింటికి పిలిచారు, మధ్యాహ్నానికి సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆయన కిటికీ పక్క బల్ల ఇప్పుడు నాది. నేనేం ఆయన్ని లాగేసి కూర్చోలేదక్కా. కూర్చోమన్నారు, కూర్చున్నాను.

మా పని తెలుసుగా. అంబులెన్సు కావాలని ఎవరైనా ఫోన్ చేస్తే, ఏ బండి దగ్గరుందో వెతికి తెర మీద చూపించి దాన్ని పంపే సాఫ్ట్‌వేర్ మాది. ఇన్నాళ్లూ దాని గుండెకాయ లాంటి భాగాన్ని గురువుగారు తప్ప ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు అదీ నా చేతికే వచ్చింది. ఊరికే వస్తాయా ఇలాంటివి?

నువ్వు తొమ్మిదేళ్లుగా సీనియర్‌వి. సరే, నువ్వే చెప్పు. అసలు సీనియర్ అంటే ఎవరు? ఏముండాలి వాడికి? నాకు లేనిదేమిటి?

జవాబు వచ్చేదాకా అలిగే ఉంటాను.

నీ తమ్ముడు


మార్చి 15

ఒరేయ్ అలకరాజా,

ముందు శభాష్. ఫోన్లో అనాల్సిన మాట ఇన్ని రోజులు ఆలస్యంగా అంటున్నాను, పుచ్చుకో. బావ కూడా అదే తిట్టాడు నన్ను. "వాడు పండగలా చెప్తుంటే నువ్వు పరామర్శకి వెళ్లినట్టు మాట్లాడావేంటి?" అన్నాడు. నీ మేనకోడలు నీ ఉత్తరం పట్టుకుని "మామయ్యకి ఇంకా అక్షరాలు కలిపి రాసే కలిపి రాత రాదా?" అని అడిగింది. దానికి నువ్వే సమాధానం చెప్పుకో.

ఇక నీ ప్రశ్న. నాకు తెలిసింది చెప్తాను, నచ్చకపోతే చించెయ్. కోడ్ గబగబా రాసేవాడు సీనియర్ కాడు. అందరికంటే ఎక్కువ తెలిసినవాడు కూడా కాడు, అలాంటివాళ్లు కొత్తగా చేరినవాళ్లలోనే బోలెడుమంది ఉంటారు. తనకి తెలియనిది ఎక్కడ మొదలవుతుందో తెలిసినవాడు. ఆ గీత దగ్గర ఆగి, సిగ్గుపడకుండా పక్కవాణ్ణి అడగగలిగినవాడు.

మా దగ్గర లిఫ్టుల్ని దూరం నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ కదా. చేరిన కొత్తల్లో ఒక చోట తలుపు మూసుకున్నాక లిఫ్టు ఊరికే ఓ క్షణం ఆగుతోంది. దండగ అనుకుని తీసేయబోయాను. అప్పటి మా సీనియరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, "అది రాసినవాడు పిచ్చివాడా, లేక నీకు కనపడనిదేదో చూశాడా? ముందు అది తేల్చుకో" అంది. అడిగితే తెలిసింది, ఆ క్షణంలోనే తలుపు సందులో ఏమైనా ఇరుక్కుందా అని చూస్తుందట. చెయ్యో, చీర కొంగో.

కాబట్టి ఒక్కటే చెప్తాను. ఆ పాత భాగంలో ఏది తీసెయ్యాలన్నా ముందు మీ గురువుగారికి ఫోన్ చెయ్యి. ఉద్యోగం పోయినంత మాత్రాన ఆయనకి తెలిసింది పోలేదు. ఆయన కుర్చీలో కూర్చున్నావు, ఆయన్ని ఓ మాట అడగడంలో తప్పులేదు.

ఆఫీసుకి టైమవుతోంది. ఉంటాను.

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

అలక తీరింది అనుకున్నాను. నీ ఉత్తరం రెండోసారి చదివితే మళ్లీ మొదలైంది. "ఆయన కుర్చీలో కూర్చున్నావు" అని ఎందుకు గుచ్చాలి? ఆ మాట ఆఫీసులో వెనకాల అనేవాళ్లు అంటూనే ఉన్నారు. ఇంట్లోవాళ్లు కూడానా?

నేను ఊరికే కూర్చోలేదు. కంట్రోల్ రూముకి వెళ్లి ఓ పూటంతా చూశాను. ఫోనెత్తినవాళ్లు చిరునామా కొట్టాక, దగ్గర బండ్ల జాబితా తెర మీదకి రావడానికి ఎంత సేపో తెలుసా? అవతల మనిషి ఏడుస్తుంటే ఇవతల వీళ్లు గోళ్లు కొరుక్కుంటూ తెర వంక చూస్తుంటారు. ఎన్నాళ్లనుంచో అంతేనట. మా మేనేజరు "ఇదొక్కటి బాగు చేశావంటే నీకు తిరుగులేదు" అన్నాడు.

గురువుగారి కోడ్ ఎలా ఉంటుందంటే, దీపం లేని సామాన్ల గదిలా ఉంటుంది. ఎక్కడ చెయ్యి పెడితే ఏం తగులుతుందో తెలీదు. అందులో ఒక చోట, జాబితా చూపించే ముందు ఒక్కో బండి దగ్గరికీ విడివిడిగా వెళ్లి ఏవో రెండు టైములు పోల్చి చూసే లైనొకటి ఉంది. ఎందుకో ఒక్క ముక్క రాయలేదు. ఆలస్యమంతా దానివల్లే. తీసేసి మా పరీక్షలన్నీ నడిపాను. అన్నీ పాసయ్యాయి. ఒకటికి రెండుసార్లు నడిపానక్కా, నేనేం దద్దమ్మని కాను.

కొత్తది పెట్టిన రోజు కంట్రోల్ రూములో చప్పట్లు కొట్టారు. చిరునామా కొట్టీ కొట్టగానే జాబితా వచ్చేస్తోంది. ఒకామె "బాబూ, ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?" అంది.

గురువుగారికి ఫోన్ చెయ్యలేదు. ఏమని చెయ్యమంటావు? "అయ్యా, మిమ్మల్ని పంపేసి నన్ను కూర్చోబెట్టారు గానీ మీరు రాసింది నాకు అర్థం కావట్లేదు" అని అడగనా? నెంబరు తీసి మూడుసార్లు పెట్టేశాను. నవ్వుతాడేమోనని కాదు, నవ్వడు, ఓపిగ్గా చెప్తాడు. అదే భరించలేను.

ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఆగు, అడుగు, వద్దు... నీ నోట ఎప్పుడూ ఇవే మాటలు. వద్దనడం తేలికే అక్కా. వద్దన్నవాడి చేతిలో ఏదీ పగలదు. అందుకే తొమ్మిదేళ్లుగా అదే కుర్చీలో ఉన్నావేమో. నాకు అలా ఉండాలని లేదు.

మేనకోడలికి నా కలిపి రాత చూపించు. ఈసారి ప్రయత్నించాను.

తమ్ముడు


ఏప్రిల్ 20

తమ్ముడికి,

ఉత్తరం అందింది.

నువ్వన్నది నిజమే కావచ్చు. వద్దనడం తేలికే. నాకు తేలిగ్గానే గడిచిపోతోంది.

కంట్రోల్ రూములో చప్పట్లు కొట్టారన్నావు, సంతోషం. నీకు మంచి పేరు రావాలనే నా కోరిక కూడా. ఇకమీదట సలహాలు చెప్పను. అడిగావు కాబట్టి చెప్పాను, నా పొరపాటు.

అమ్మకి మోకాలి నొప్పి మళ్లీ వచ్చింది. నువ్వు ఫోన్ చేస్తే నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడు.

అక్క


మే 3

అక్కా,

నిన్న బావ ఫోన్ చేశాడు. నీకు తెలియకుండానే చేశానన్నాడు, ఆయన్నేమీ అనకు.

ఫిబ్రవరిలోనే నీ ఉద్యోగం పోయిందట కదా. అంటే నేను నా గొప్ప చెప్పుకోవడానికి ఫోన్ చేసేనాటికే నువ్వు ఇంట్లో ఉన్నావు. "ఎవర్ని తీసేశారు?" అని అడిగింది నన్ను దెప్పడానికి కాదు. "ఆఫీసుకి టైమవుతోంది" అని రాసింది అబద్ధం. ఆ ఉత్తరానికి నేను రాసిన జవాబు గుర్తొస్తే నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపిస్తోంది. అదే కుర్చీలో ఉన్నావన్నాను. కుర్చీయే లేనిదాన్ని పట్టుకుని.

పుండు మీద కారం చల్లి, పైగా కలిపి రాత చూపించమన్నాను. ఎందుకు చెప్పలేదక్కా? నేనంత పరాయివాణ్ణి అయ్యానా? అమ్మకీ తెలీదట. పొద్దున్నే సంచీ తగిలించుకుని బయటికెళ్లి, ఎక్కడో కూర్చుని, సాయంత్రానికి వస్తున్నావట.

మా దగ్గర ఖాళీ ఉంది. నేను మాట్లాడతాను. ఇప్పుడు నా మాటకి కాస్త విలువుంది, మొన్న మీటింగులో అందరి ముందూ నిలబెట్టి మెచ్చుకున్నారు. నువ్వు కాస్త వేగం పెంచుకోవాలంతే, ఇక్కడ అందరూ వేగమే చూస్తారు. అక్కడ నిన్ను తీసేసింది కూడా అందుకేనేమో అని బావ మాటల్ని బట్టి అనుకున్నాను.

నేను కొంచెం మెత్తబడ్డానని చెప్పడానికి ఒక మాట. ఆ లైను గురించి గురువుగారికి ఈ వారం ఫోన్ చేద్దామనుకుంటున్నాను. నువ్వు చెప్పావని కాదు. అంటే, నువ్వు చెప్పావనే.

తిట్టు. కానీ రాయి.

తమ్ముడు


మే 14

ఒరేయ్ తమ్ముడూ,

చెయ్యి నరుక్కోకు, టైపింగు ఎవరు చేస్తారు?

బావని ఏమీ అనలేదు. రెండు రోజులు మాట్లాడలేదంతే.

వేగం తక్కువని కాదు నన్ను తీసేసింది. కొత్త వెర్షన్ సిద్ధమైంది, బయటికి పంపొచ్చని సంతకం పెట్టమన్నారు. లిఫ్టు నిండా జనం ఉన్నప్పుడు, మధ్యలో ఒక్కసారిగా కరెంటు పోయి వస్తే ఏమవుతుందో సరిగ్గా చూడలేదు, ఇంకో నెల కావాలన్నాను. రెండు వారాలు ఇచ్చారు. చాలదన్నాను. "మీరు ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తారు" అన్నాడు మా డైరెక్టరు. సంతకం ఇంకొకతనితో పెట్టించి, నన్ను పంపేశారు.

ఇప్పుడు అసలు సంగతి విను. ఆ లిఫ్టులు బ్రహ్మాండంగా నడుస్తున్నాయి.

సంచీ తగిలించుకుని ఎక్కడికి వెళ్తున్నానో బావకి కూడా చెప్పలేదు, నీకు చెప్తాను. బజారు దగ్గర పెద్ద షాపింగ్ కాంప్లెక్సులో మా లిఫ్టే ఉంది. వెళ్లి ఎక్కుతాను. పైకి వెళ్తాను, కిందికి వస్తాను. బటన్లు నొక్కే మనిషి, ఈవిడ కొనేదీ లేదు, పోయేదీ లేదు అన్నట్టు నన్ను చూస్తాడు. ఒకరోజు జనంతో కిక్కిరిసి ఉండగా నిజంగానే కరెంటు పోయింది. మళ్లీ వచ్చింది. లిఫ్టు కుదుపైనా లేకుండా మెత్తగా పక్క అంతస్తుకి వెళ్లి తలుపు తెరిచింది. అందరూ దిగిపోయారు.

నాకు ఏమనిపించిందో తెలుసా? నిరాశ. ఎవరికీ ఏమీ కానందుకు నిరాశ! అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నా భయం నిజమైతే మనుషులు పోవాలి. నిజం కాకపోతే నేను పోవాలి. ఏం బతుకురా ఇది?

అందుకని నా మాటలు శాసనాలుగా పట్టుకోకు. నేను అనుభవం అనుకున్నది ఉత్త పిరికితనమేమో. నువ్వు తీసేసిన లైను లేకుండా నెల దాటి నడుస్తోంది కదా. పరీక్షలన్నీ పాసయ్యాయి కదా. ఇప్పుడు పని కట్టుకుని ఆ పెద్దాయన్ని ఎందుకు కదిలించడం? నీ మీద నీకు నమ్మకం ఉంటే చాలు. నాకు లేకపోయింది, ఏమైందో చూశావుగా.

మీ దగ్గర ఖాళీ సంగతి వద్దులే. తమ్ముడి కింద పనిచేస్తే పోట్లాడుకోవడానికి ఇల్లు చాలక ఆఫీసు కూడా కావాలి.

అక్క


జూన్ 10

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను. జరిగింది జరిగినట్టు రాసేస్తాను.

పోయిన నెలాఖరున ఒక మధ్యాహ్నం, ఒక టైలరుకి కొట్లో మిషను ముందు కూర్చుని ఉండగానే గుండెనొప్పి వచ్చింది. ఇల్లూ కొట్టూ ఒకటే. ఆయన భార్య ఫోన్ చేసింది. మా తెర మీద జాబితా వెంటనే వచ్చింది. అన్నిటికంటే పైన ఒక బండి, వాళ్ల వీధి మొదట్లోనే ఉన్నట్టు. ఫోనెత్తినామె దాన్నే పంపింది. "బండి మీ వీధి మొదట్లోనే ఉందమ్మా" అని చెప్పింది.

ఆ బండి అక్కడ లేదు. అంతకు నాలుగు రోజుల ముందు ఆ వీధి మొదట్లోనే బ్యాటరీ చచ్చి ఆగిపోతే ఇంకో బండికి కట్టి షెడ్డుకి లాక్కెళ్లారు. అందులో ఉన్న పెట్టె, అదే, బండి ఎక్కడుందో మాకు చెప్పే పెట్టె, బ్యాటరీతో పాటే మూగబోయింది. చివరగా పలికిన చోటే మా తెర మీద ఉండిపోయింది, ఖాళీగా సిద్ధంగా ఉన్నట్టు.

గురువుగారి లైను చేసే పని అదే. ఒక్కో బండినీ "నువ్వు చివరగా ఎప్పుడు పలికావు?" అని అడగడం. చాలాసేపటి నుంచి మూగగా ఉంటే పక్కన పెట్టేయడం. మా పరీక్షల్లో మూగ బండి ఒక్కటీ లేదు. అందుకే అన్నీ పాసయ్యాయి.

పంపిన కబురు ఆ మూగ పెట్టెకే వెళ్లిందని, బండి కదలడం లేదని గ్రహించి ఇంకో బండిని పంపేసరికి ఆలస్యమైపోయింది.

ఆ ఫోను రికార్డు నన్ను వినమన్నారు, ఏ సెకనుకి తెర మీద ఏముందో సరిపోల్చడానికి. విన్నాను. మొదట ఆమె ఆయనతో మాట్లాడుతోంది, "వచ్చేస్తోందట, వచ్చేస్తోందట" అని. కాసేపాగి మా ఫోనెత్తినామెని అడిగింది, "వీధి మొదట్లోనే ఉందన్నారు కదా, కనపడట్లేదే?" "అక్కడే ఉందమ్మా, నాకు కనిపిస్తోంది" అంది ఫోనెత్తినామె. అబద్ధం చెప్పలేదు, ఆమెకి కనిపిస్తోంది. అప్పుడు టైలరు భార్య "ఇల్లు తెలీక ఆగారేమో, నేను వెళ్లి తీసుకొస్తా" అని ఆయన్ని వదిలి వీధిలోకి పరిగెత్తింది. ఫోన్ చేతిలోనే ఉంది. చెప్పుల చప్పుడు, ఆయాసం. ఎవరినో ఆపి "అంబులెన్సు చూశారా?" అని అడగడం. వెనక్కి వచ్చేసరికి ఆయనలో ఊపిరి లేదు.

ఆ తర్వాతది నేను రాయలేను.

అప్పుడు చేశాను గురువుగారికి ఫోన్. ఒక్క రింగుకే ఎత్తాడు. చెప్పాను. ఏ లైనో చదివి వినిపించమన్నాడు. తర్వాత, "ఎప్పుడో ఒకసారి ఇలాగే పొరపాటు జరగబోయింది, అప్పుడు పెట్టాను. పక్కన ఎందుకో రాసి ఉండాల్సింది బాబూ. నీకు చెప్పి వెళ్దామనుకున్నాను, పిలిచిన గంటలోనే నా లాగిన్ ఆపేశారు" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆఫీసులోనూ ఎవరూ తిట్టలేదు. రిపోర్టులో "సమాచారం పాతబడినందువల్ల" అని రాశారు. ఏ మనిషి పేరూ లేదు. నా పేరు రాయమని మేనేజర్ని అడిగాను. "రెండు రోజులు సెలవు తీసుకో" అన్నాడు. వేగం పెంచినందుకు మెచ్చుకున్నది మాత్రం నా పేరు మీద అలాగే ఉంది.

వచ్చే నెల మొదట్లో విచారణ. సిస్టమ్ గురించి చెప్పడానికి సీనియర్ ఇంజనీర్ని పంపాలట. అంటే నన్నే.

తమ్ముడు


జూన్ 16

నాన్నా,

చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే ఇలాగే పిలిచేదాన్ని.

నీ ఉత్తరం చదివి ముందు చేసిన పని, నేను నీకు రాసిన ఆఖరి ఉత్తరంలో ఏం రాశానో గుర్తు చేసుకోవడం. "ఆ పెద్దాయన్ని ఎందుకు కదిలించడం" అన్నాను. సరిగ్గా నువ్వు ఫోన్ చేద్దామనుకుంటున్నప్పుడే. ఇంకెవరికి తెలియకపోయినా నీకూ నాకూ తెలుసు. నువ్వొక్కడివే మొయ్యాల్సింది కాదు ఇది. సగం ఇటు తొయ్యి.

నేను వద్దన్నచోట ఏమీ పడలేదు. నువ్వు సరేనన్నచోట మనిషి పోయాడు. మనిద్దరం చోట్లు మారి ఉంటే? అప్పుడు నేను నీకు పాఠాలు చెప్పేదాన్నా, నువ్వు నాకా?

ఇప్పుడు నేను చెప్పేది వింటే నీకు నా మీద అసహ్యం వేస్తుందేమో. అయినా చెప్తాను. విచారణలో వాళ్లు ఏం చెప్పమంటే అదే చెప్పు. "సమాచారం పాతబడింది" అంతే. ఒక్క మాట ఎక్కువ వద్దు. వద్దన్నవాళ్లకి ఏమవుతుందో నేను చూశాను. పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలో తెలియకపోవడం ఎలా ఉంటుందో నీకు తెలీదు. నువ్వు నిజం చెప్పినంత మాత్రాన ఆ మనిషి తిరిగొస్తాడా? నా తమ్ముడు కూడా పోతాడు, అంతే.

ఇన్నేళ్లూ నిన్ను ఆగు, అడుగు అని సతాయించిన అక్కే బతిమాలుతోంది. ఈ ఒక్కసారికి అడక్కు, ఆగకు. చెప్పేసి ఇంటికొచ్చెయ్.

నేను బయల్దేరి వస్తాను.

అక్క


జూలై 3

అక్కా,

విచారణ అయిపోయింది.

చిన్న గది. పొడుగాటి బల్ల, పైన శబ్దం చేస్తూ తిరిగే ఫ్యాను, గోడకి ఆనించి విరిగిన కుర్చీలు. బల్లకి ఒక పక్క అధికారి, ఆయన పక్కన రాసుకునే గుమస్తా. ఇటు నేను, కంపెనీ లాయరు. ఎదురుగా ఆమె. టైలరు భార్య. రికార్డులో విన్న గొంతుకి నేను ఊహించుకున్న మనిషి కాదు. సన్నగా ఉంది, నాకంటే పెద్దది కూడా కాదేమో. వేళ్ల చివర్లు సూది గుచ్చుకుని గరుకుగా ఉన్నాయి. ఆమె కూడా కుడుతుందన్నమాట. కంపెనీవాళ్లు ఆమెని కలవకూడదని నాకు ముందే చెప్పారు. అంత దగ్గరగా కూర్చోబెడతారని మాత్రం చెప్పలేదు.

లాయరు నాకు రెండు వాక్యాలు బట్టీ పట్టించాడు. నీ ఉత్తరం కూడా జేబులోనే ఉంది. అవే చెప్దామని వెళ్లాను, ఒట్టు.

అధికారి "మీ హోదా?" అన్నాడు.

"సీనియర్ ఇంజనీర్నండి."

గుమస్తా రాసుకుంటున్నాడు. ఆమె తలెత్తి చూసింది. "సీనియర్ అంటే? ఏం చేస్తారు మీరు?" అంది. వెటకారంగా కాదక్కా. నిజంగా తెలియక.

లాయరు "అది ఇక్కడ అవసరం లేదమ్మా" అన్నాడు. అధికారి కూడా చెయ్యి ఊపాడు. వదిలేస్తే పోయేది. కానీ ఆమె నా వైపే చూస్తోంది. నేను నిన్ను అడిగిన ప్రశ్నే కదా అది.

"తెలియకపోతే అడగాల్సిన మనిషినమ్మా" అన్నాను. "ఆగిపోయిన బండ్లని పక్కన పెట్టే లైను ఒకటి ఉండేది. నేను తీసేశాను. ఎందుకుందో రాసినాయన్ని అడిగితే తెలిసేది. అడగలేదు."

లాయరు నా మోచెయ్యి గట్టిగా నొక్కాడు. అధికారి "ఎందుకు అడగలేదు?" అన్నాడు.

"సిగ్గేసిందండి."

ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునక్కా. వెతికాను. లేదు.

నేను అనుకున్నాను, ఆమె లేచి తిడుతుందని, లేదా ఏడుస్తుందని. డాక్టరు అంతకు ముందే చెప్పి వెళ్లాడు, బండి వేళకి వచ్చినా బతికేవాడో లేదో చెప్పలేమని. లాయరు ఆ మాటని రెండుసార్లు ఒత్తి రాయించాడు. ఆమె దాన్ని పట్టించుకోలేదు. బల్ల వంక చూస్తూ, నాతో అన్నట్టు కాకుండా తనలో తను అనుకున్నట్టు అంది:

"బతకడని చెప్పినా సరిపోయేది. బండి లేదని చెప్పినా సరిపోయేది. నేను ఆయన దగ్గరే కూర్చుని ఉండేదాన్ని కదా. పిలిచే ఉంటాడు నన్ను."

గుమస్తా పెన్ను ఆగింది. ఆ మాట ఎక్కడ రాయాలో అధికారికి కూడా తెలియలేదు. తర్వాత ఆయన ఫైలు మూసి, "తీర్పు పంపిస్తాం" అన్నాడు.

బయటికి వచ్చాక ఆమె మెట్ల దగ్గర ఆగి, సంచీలోంచి గొడుగు తీసి విప్పుకుంటోంది. ఒక ఊచ ఇరుక్కుని రావడం లేదు. దాటి వెళ్లలేను, సాయం చెయ్యలేను. గోడ వైపు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి అది విప్పుకోకుండానే వానలోకి దిగి వెళ్లిపోయింది.

ఆఫీసు నుంచి నిన్న కబురొచ్చింది. తీర్పు వచ్చేదాకా రావద్దన్నారు. వచ్చాక కూడా పిలవరని మేనేజరు గొంతులోనే తెలిసింది. నేనడిగింది ఒక్కటే, ఆ లైను తిరిగి పెట్టారా అని. పెట్టారట. ఎందుకుందో పక్కన రాశారా అని అడిగితే, "చూస్తాం" అన్నాడు.

నిజం చెప్తే తేలికపడతామంటారు కదా. ఏమీ కాలేదక్కా. పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలో తెలియకపోవడం ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది. అదొక్కటే నీ మాటల్లో పూర్తిగా అర్థమైంది.

వస్తానన్నావు కదా. రా. అమ్మకి నువ్వే ఏదో ఒకటి చెప్పు. వచ్చాక నన్నేమీ అడగకు, నీ గురించి కూడా ఏమీ చెప్పకు. కాసేపు పక్కన కూర్చో చాలు.

తమ్ముడు